హెర్నియా ఆపరేషన్ తర్వాత ఇంట్లో: నడక మానొద్దు, ముక్కొద్దు

గుంటూరు జిల్లాలో సర్జికల్ వార్డు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆపరేషన్ జరిగేటప్పుడు ఇంటివాళ్లు పెద్దగా ఏమీ అడగరు. డిశ్చార్జి కాగితం చేతికిచ్చాక అసలు ప్రశ్నలు మొదలవుతాయి. "సిస్టరుగారూ, పప్పు పెట్టొచ్చా?" "ఎన్నాళ్లు మంచం దిగకూడదు?" "మెట్లెక్కితే కుట్లు తెగుతాయా?" ఇప్పటికీ మా వీధిలో ఎవరికి హెర్నియా ఆపరేషన్ అయినా ఆ ఇంటి ఆడవాళ్లు నాకు ఫోన్ చేస్తారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఇది ఎక్కువగా గజ్జల్లో వచ్చే హెర్నియా గురించి. వందమంది మగవాళ్లలో దాదాపు 27 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అది వస్తుంది. బొడ్డు దగ్గరో, సిజేరియన్ లాంటి పాత కోత దగ్గరో వచ్చేదానికి తేడా ఉన్నచోట విడిగా చెబుతాను. మీ సర్జన్ చెప్పినదానికీ నేను రాసినదానికీ తేడా వస్తే సర్జన్ మాటే వినండి. మీ పొట్ట లోపల ఎలా ఉందో చూసింది వాళ్లే.

లోపల ఏం జరిగిందో తెలిస్తే సగం భయం పోతుంది. పొట్ట గోడలో కండరం బలహీనపడిన చోటు నుంచి పేగో కొవ్వో బయటికి తోసుకొస్తుంది. సర్జన్ దాన్ని లోపలికి పంపి, ఆ చోట పాలీప్రొపిలీన్ వల పరుస్తారు. దాన్నే మెష్ అంటారు. ఆ వల సందుల్లోకి మన శరీరమే వారాల తరబడి కొత్త కణజాలాన్ని పెంచుకుంటూ, దాన్ని తనలో కలిపేసుకుంటుంది. 1980లలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో లిక్టెన్‌స్టైన్ అనే సర్జన్ ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. అంతకుముందు దాదాపు వందేళ్లపాటు ఇటలీ సర్జన్ బస్సీనీ చూపిన దారిలో కండరాన్ని లాగి గజ్జల్లో ఉండే గట్టి పట్టీకి (లిగమెంటుకు) కుట్టేవాళ్లు. ఆ కుట్ల మీద లాగుడు ఎక్కువ, నొప్పి ఎక్కువ, హెర్నియా తిరిగి రావడమూ ఎక్కువే. అందుకే మన తాతల కాలంలో రోగిని వారాల తరబడి కదలనిచ్చేవాళ్లు కాదు. ఆపరేషన్ మారిపోయింది కానీ ఆ సలహా మాత్రం ఇళ్లల్లో ఇంకా అలాగే తిరుగుతోంది.

వల కలిసిపోయేదాకా మనం చూసుకోవాల్సింది పొట్టలో ఒత్తిడి. నడిస్తే ఆ ఒత్తిడి పెద్దగా పెరగదు. దగ్గితే, విరేచనానికి ముక్కితే, ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఒక్కసారిగా పెరుగుతుంది. నేను చూసిన ఇళ్లల్లో సరిగ్గా దీనికి ఎదురు జరుగుతుంది. మనిషిని పది రోజులు మంచానికే పరిమితం చేస్తారు. చారన్నం తప్ప ఏమీ పెట్టరు. దాంతో మలబద్ధకం వచ్చి అతను ముక్కుతాడు. నెల తిరగగానే బాగానే ఉన్నాడు కదా అని బస్తా ఎత్తిస్తారు.

మొదటి రోజు

నడుముకి మత్తు (స్పైనల్) ఇచ్చి ఉంటే కాళ్లలోకి స్పర్శ రావడానికి కొన్ని గంటలు పడుతుంది. కాలి వేళ్లు కదిలినంత మాత్రాన లేవకండి. మోకాలు ఎత్తి నిలపగలగాలి, తొడల్లో పట్టు రావాలి. మొదటిసారి లేచేటప్పుడు పక్కన నర్సు ఉండాల్సిందే. వార్డులో పడిపోయినవాళ్లలో ఎక్కువమంది "బాత్రూమేగా, ఒక్కణ్నే వెళ్లొస్తాను" అన్నవాళ్లే.

ఆ రోజు నేను అన్నిటికన్నా ఎక్కువగా కనిపెట్టి చూసేది మూత్రం. స్పైనల్ మత్తు తర్వాత, ముఖ్యంగా ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దవయసు మగవాళ్లలో, మూత్రాశయం నిండినా మూత్రం రాదు. కింది పొట్ట ఉబ్బి, గట్టిపడి, మనిషి కుదురుగా ఉండలేడు. పడుకుని డబ్బాలో పోయడం చాలామందికి చేతకాదు. నిలబెట్టి, పక్కన కుళాయి తిప్పి, ఒంటరిగా వదిలితే చాలాసార్లు వస్తుంది. ఆపరేషన్ అయి ఆరేడు గంటలు దాటినా రాకపోతే సిగ్గుపడకుండా చెప్పండి. సన్నటి గొట్టం వేసి ఖాళీ చేస్తారు, ప్రాణం హాయిగా ఉంటుంది. ఓర్చుకుంటూ ముక్కితే కొత్తగా వేసిన కుట్ల మీదే ఆ బలమంతా పడుతుంది.

కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గిపోవడం అనేది స్పైనల్ తర్వాత కొందరికి ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. నీళ్లు బాగా తాగాలి, కాఫీ కూడా కొంత పనిచేస్తుంది. అయినా డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. కన్నాలు పెట్టి లాప్రోస్కోపీలో చేయించుకున్నవాళ్లకు భుజం నొప్పి రావచ్చు. గుండెనొప్పేమో అని టెన్షన్ పడతారు. లోపల నింపిన గ్యాస్ వల్ల డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కింద కలిగే చికాకు అది. నడుస్తుంటే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అదే ఛాతీ మధ్యలో బరువుగా ఉన్నా, చెమట పట్టినా, ఆయాసం వచ్చినా గ్యాస్ అని సరిపెట్టుకోకూడదు.

మంచం మీద నుంచి లేవడం

ఇది ఒక్కటి సరిగా నేర్చుకుంటే మొదటి వారం నొప్పి చాలా తగ్గుతుంది. ఇంటివాళ్లు ప్రేమకొద్దీ రెండు చేతులూ పట్టుకుని ముందుకు లాగి లేపుతారు. అలా లాగినప్పుడు పొట్ట కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. మనిషి కెవ్వుమంటాడు, ఆ తర్వాత లేవడానికే భయపడతాడు.

వెల్లకిలా పడుకుని ఉన్నారనుకోండి. ముందు రెండు మోకాళ్లూ మడవండి. మోకాళ్లు, నడుము, భుజం మూడూ కలిసి ఒకేసారి పక్కకు తిరిగేలా దొర్లండి. ఆపరేషన్ కాని వైపుకు తిరిగితే ఇంకా సుఖం. మంచం అంచుకు వచ్చాక పాదాలను కిందికి జారవిడవండి. కాళ్ల బరువు కిందికి దిగుతుండగానే, కింద ఉన్న మోచేతితోనూ పైనున్న అరచేతితోనూ పరుపును నొక్కుతూ ఒళ్లు పైకి లేపండి. శ్రమంతా చేతులది, పొట్టకు పనే ఉండకూడదు. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా నోటితో మెల్లగా వదలండి. కూర్చున్నాక ఒక నిమిషం ఆగండి. తల తిరగడం లేదనుకున్నాకే నిలబడండి. తోడున్నవాళ్లు వీపు వెనక చెయ్యి ఆనిస్తే చాలు, లాగొద్దు. పడుకునేటప్పుడు ఇదంతా వెనక నుంచి ముందుకు చేయాలి: కూర్చోవడం, మోచేతి మీద వాలడం, కాళ్లు పైకి తీసుకోవడం, ఆ తర్వాత దొర్లడం.

నులక మంచం, నవారు మంచం వద్దు. మధ్యలో గుంట పడి ఉంటుంది, అందులోంచి బయటపడాలంటే పొట్ట బిగించక తప్పదు. నేల మీద చాప అయితే ఇంకా కష్టం. రెండు వారాలు చెక్క మంచమో దివానో చూడండి, కూర్చుంటే పాదాలు నేలకు ఆనే ఎత్తులో ఉండాలి. మోకాళ్ల కింద ఒక దిండు పెట్టుకుంటే గజ్జల దగ్గర లాగుడు తగ్గుతుంది.

నడక ఆ రోజు సాయంత్రమో మర్నాడు పొద్దునో మొదలుపెట్టాలి. మొదట గదిలో, తర్వాత వరండాలో, ఆ తర్వాత వీధి చివరిదాకా. ఒకేసారి ఎక్కువ దూరం వెళ్లేకంటే రోజులో చాలాసార్లు కొద్దికొద్దిగా నడవండి. నడిస్తే కాళ్లల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది, పేగులు కదులుతాయి, గ్యాస్ పోతుంది. వంగి నడవకండి. కుట్లు తెగుతాయేమో అని చాలామంది ముందుకు వంగి నడుస్తారు, దాంతో నడుము నొప్పి కొత్తగా మొదలవుతుంది. నిటారుగా నిలబడితే కాస్త లాగినట్టు ఉంటుంది, అంతే. మెట్లు ఎక్కొచ్చు, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ మెల్లగా.

పథ్యం గురించి కాస్త గట్టిగానే చెబుతాను

పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ దురద, గుడ్డు వేడి, పెరుగు చలువ. ఇలా ఒక్కొక్కటీ తీసేసి చివరికి కారప్పొడి అన్నం, బ్రెడ్డు, చారు మిగులుస్తారు. ఇది అమ్మలూ అత్తలూ ప్రేమతో చేసే పనే, అందుకే ఎదురు చెప్పడం కష్టం. అయినా చెప్పాలి. చీము పప్పు వల్ల పట్టదు, క్రిముల వల్ల పడుతుంది. కడుక్కోని చేతులతో గాయాన్ని తాకడం, తడిసిన డ్రెస్సింగ్ అలాగే వదిలేయడం, షుగరు అదుపులో లేకపోవడం, పొగ తాగడం, ఇవీ అసలు కారణాలు. తెగిన చోట కొత్త కణజాలం పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, చేపలో, పాలల్లో, పెరుగులో ఉన్నాయి. సరిగ్గా వాటినే మనం ఆపేస్తున్నాం.

మొదటి రోజు ఇడ్లీ, జావ, మజ్జిగన్నం లాంటి తేలిక తిండి పెట్టండి. వాంతులు లేకపోతే రెండో రోజు నుంచి మామూలు భోజనమే. రోజుకో గుడ్డు, ఒక పూట ఆకుకూర పప్పు, ఒక పూట కూర, పెరుగు. తోటకూర, బచ్చలికూర, బీరకాయ, సొరకాయ, బొప్పాయి, జామ, ఇవన్నీ విరేచనం సాఫీగా అవ్వడానికి. ఒకరికి శనగపిండి, పచ్చి శనగపప్పు, క్యాబేజీతో కడుపు ఉబ్బరంగా ఉంటే వాళ్లు కొన్నాళ్లు మానుకోవచ్చు, అందరూ మానక్కర్లేదు. కారం, ఆవకాయ గాయానికి చెడు చేయవు. కాకపోతే పొరమారి దగ్గు వస్తే ప్రాణం పోయినట్టు ఉంటుంది, కాబట్టి మొదటి వారం తగ్గించండి. గుండెకో కిడ్నీకో మందులు వాడుతున్నవాళ్లు నీళ్లు ఎంత తాగాలో వాళ్ల డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి. మిగతావాళ్లు గంట గంటకీ ఒక గ్లాసు తాగినా మంచిదే.

మలబద్ధకాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. నొప్పి మాత్రల్లో ట్రమడాల్ లాంటివి పేగుల్ని మందగింపజేస్తాయి. తిండి తగ్గింది, నడక తగ్గింది, ముక్కితే ఏమవుతుందో అన్న భయం ఉంది. అన్నీ కలిసి మూడు నాలుగు రోజులు విరేచనం అవ్వదు, ఆ తర్వాత గట్టిపడి ముక్కక తప్పదు. రెండో రోజు రాత్రికల్లా కాకపోతే డాక్టరును అడిగి లాక్టులోజ్ సిరప్ మొదలుపెట్టండి. ఇసబ్‌గోల్ వాడితే రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, మీద ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు లేని ఇసబ్‌గోల్ ఇంకా బిగబడుతుంది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు తాగి కాసేపు నడిచి, వచ్చినట్టు అనిపించినప్పుడే వెళ్లండి, రాకపోతే లేచిపోండి. మొదటి వారాల్లో కింద గొంతుక్కూర్చోవడం గజ్జల్లో నొప్పి చేస్తుంది, లేవడం మరీ కష్టం. ఇంట్లో కమోడ్ లేకపోతే మందుల షాపుల్లో అమ్మే కమోడ్ కుర్చీ కొనండి, అద్దెకు కూడా దొరుకుతుంది. కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు పైకి లేచి, ముక్కే అవసరం తగ్గుతుంది.

గాయం, వాపు

మూడో రోజు ఫోన్లు ఎక్కువగా వచ్చేది దీని గురించే. గజ్జల్లో ఆపరేషన్ చేస్తే వృషణాల సంచి వాస్తుంది. చర్మం నీలంగా, నల్లగా కమిలిపోతుంది. కొందరికి అంగం కూడా కమిలినట్టు అవుతుంది. లోపల చేరిన కొద్దిపాటి రక్తం బరువుకు కిందికి దిగడం వల్ల ఇలా కనిపిస్తుంది. నలుపు పసుపు రంగుకు తిరిగి, రెండు వారాల్లో పోతుంది. పైకి ఎత్తి పట్టే బిగుతైన డ్రాయరు గానీ, లంగోటీ గానీ, ఆసుపత్రిలో ఇచ్చే సస్పెన్సరీ బ్యాండేజీ గానీ పగలంతా వాడండి. లుంగీ కట్టుకుని ఏ ఆధారమూ లేకుండా తిరిగితే వాపు పెరుగుతుంది. పడుకున్నప్పుడు తువ్వాలు మడతపెట్టి సంచి కింద పెట్టండి. ఐస్ పెట్టాలంటే గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు, నేరుగా చర్మం మీద వద్దు.

కోత కింద చేత్తో తడిమితే తాడులా గట్టిగా తగులుతుంది. హెర్నియా మళ్లీ వచ్చిందని చాలామంది హడలిపోతారు. అది మానుతున్న గాయం, కొన్ని నెలల్లో మెత్తబడుతుంది. హెర్నియా ఉన్నచోటే నీరు చేరి గడ్డలా కనిపించడమూ ఉంది, చాలావరకు దానంతటదే ఇంకిపోతుంది. దాన్ని ఇంట్లో పిసకకండి, సూదితో తీయించుకోవడానికి తొందరపడకండి. దగ్గినప్పుడు ఉబ్బి పడుకుంటే లోపలికి పోయే గడ్డ అయితే మాత్రం సర్జన్‌కు చూపించాలి. కోత పక్కన, తొడ పైభాగంలో కొంత మేర తిమ్మిరిగా, స్పర్శ లేనట్టు ఉండొచ్చు. ఆ దారిలోంచి వెళ్లే సన్నటి నరాల వల్ల అలా జరుగుతుంది. నెలల మీద తగ్గుతుంది, కొందరికి కొద్దిగా మిగిలిపోతుంది. మూడు నెలలు దాటినా మంట, షాక్ కొట్టినట్టు నొప్పి ఉంటే ఓర్చుకోకుండా వెళ్లి చెప్పండి, దానికి మందులూ ఇంజెక్షన్లూ ఉన్నాయి.

స్నానం ఎప్పుడో సర్జన్‌నే అడగండి. సాధారణంగా రెండు రోజుల తర్వాత ఒంటి మీద నీళ్లు పోసుకోనిస్తారు. గాయాన్ని రుద్దొద్దు, మెత్తటి శుభ్రమైన గుడ్డతో అద్దాలి. కాలవలో ఈత, చెరువు స్నానం పూర్తిగా మానేదాకా వద్దు. పసుపు, కొబ్బరినూనె, నాటు లేపనాలు ఏవీ పెట్టకండి. కుట్లు తీసేవైతే సాధారణంగా వారం పది రోజులకు తీస్తారు. కరిగిపోయే దారం అయితే తీసేదేమీ ఉండదు. డిశ్చార్జి కాగితంలో ఏ రకం కుట్లు, మెష్ వేశారా లేదా అన్నది రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని ఆరోగ్యశ్రీ కాగితాలతో కలిపి జాగ్రత్త చేయండి, పదేళ్ల తర్వాత ఇంకో ఆపరేషన్ అవసరమైనా అది ఉపయోగపడుతుంది.

నొప్పి మాత్రలు మొదటి రెండు మూడు రోజులు రాసిన వేళకే వేసుకోండి. నొప్పి ముదిరాక వేసుకుంటే త్వరగా తగ్గదు. నొప్పి లేకపోతేనే నడుస్తారు, గట్టిగా ఊపిరి తీస్తారు. పారాసిటమాల్ 650 అయితే డాక్టరు చెప్పిన వేళలు దాటొద్దు, జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది కాబట్టి రెండూ కలపొద్దు. కిడ్నీ జబ్బు, అల్సర్, గుండెజబ్బు ఉన్నవాళ్లు షాపులో అడిగి డైక్లోఫినాక్ కొనుక్కోకూడదు. రక్తం పలచబడే మాత్రలు ఆపి ఉంటే, మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలో డిశ్చార్జి రోజునే అడిగి రాయించుకోండి.

దగ్గు

ఆపరేషన్‌కు ముందే దగ్గుకు వైద్యం చేయించుకోవాలి. తర్వాత వస్తే మాత్రం చిన్న దిండును ఆపరేషన్ చోట పెట్టి, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టి దగ్గండి. తుమ్ముకూ అంతే. దిండు ఎప్పుడూ చేతికందే దూరంలో ఉండాలి. బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పొగ వల్ల దగ్గు వస్తుంది, గాయం ఆలస్యంగా మానుతుంది, హెర్నియా తిరిగొచ్చే అవకాశమూ పెరుగుతుంది. ఆసుపత్రిలో ఎలాగూ తాగనివ్వరు, ఆ మానడాన్నే ఇంటికొచ్చాక కొనసాగించండి. వంటింట్లో పోపు ఘాటు పైకి రాకుండా చూడటం, ఎండుమిర్చి దంచేటప్పుడు మనిషిని వేరే గదిలో ఉంచడం కూడా ఇంటివాళ్ల పనే.

వెంటనే వెళ్లాల్సినవి

జ్వరం 100.4 డిగ్రీలు దాటడం, కోత చుట్టూ ఎరుపు రోజురోజుకీ పాకడం, చీమో వాసనొచ్చే రసో కారడం. గంటల్లోనే పెరిగిపోయే వాపు, డ్రెస్సింగ్ తడిసేంత రక్తం. మూత్రం ఆగిపోవడం. ఒక వృషణంలో భరించలేని నొప్పి. ఇవేవి కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కడుపు ఉబ్బి, ఆగకుండా వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే పేగు ఎక్కడో అడ్డుపడి ఉండొచ్చు. పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయండి.

బరువు, బండి, పని

రెండు వారాలదాకా నీళ్ల జగ్గు, కూరగాయల సంచి చాలు. నిండు బిందె పదిహేను కిలోలు దాటుతుంది. వాటర్ క్యాన్ ఇరవై లీటర్లు. ఇంటి గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు ముప్పై. ఇవేవీ ఆరు వారాలదాకా వద్దు. చంటిపిల్లల్ని నిలబడి ఎత్తుకోవద్దు, మీరు కూర్చుని ఉంటే ఎవరైనా ఒళ్లో కూర్చోబెట్టాలి. బరువు జరపడం కూడా ఎత్తడం లాంటిదే, మంచాలూ బీరువాలూ తోయకండి.

స్కూటరు, బైకు విషయంలో పరీక్ష ఇది: కుర్చీలో కూర్చుని, బ్రేకు గట్టిగా తొక్కినట్టు కాలితో నేలను ఒక్కసారి నొక్కండి. గజ్జల్లో చురుక్కుమంటే ఇంకా ఆగాలి. చాలామందికి రెండు వారాలకు వీలవుతుంది. నడపగలిగినా కిక్ కొట్టొద్దు, సెంటర్ స్టాండ్ వేయొద్దు. బండిని వెనక్కి లాగి స్టాండ్ మీదికి ఎక్కించేటప్పుడు గజ్జలమీద పడే బలం తక్కువేమీ కాదు. భార్యాభర్తల కలయిక గురించి మగవాళ్లు అడగడానికి మొహమాటపడతారు, వాళ్ల భార్యలు నన్ను పక్కకు పిలిచి అడిగేవాళ్లు. నొప్పి లేకపోతే రెండు మూడు వారాల తర్వాత ఇబ్బంది లేదు.

బొడ్డు హెర్నియా, పాత కోత హెర్నియా అయినవాళ్లకు పొట్ట బెల్టు ఇస్తారు. లేచి తిరిగేటప్పుడు పెట్టుకోవాలి, ఊపిరాడనంత బిగించకూడదు. గజ్జల ఆపరేషన్‌కు సాధారణంగా బెల్టు అక్కర్లేదు. సిజేరియన్ కోత దగ్గర ఆపరేషన్ అయిన ఆడవాళ్లను తలుచుకుంటే నాకు బాధేస్తుంది. మగవాడికి దొరికే విశ్రాంతిలో సగం కూడా వాళ్లకు దొరకదు. పెద్ద మెష్ వేసిన ఆపరేషన్‌కు మూడు నెలలు జాగ్రత్త అవసరం. తడి బట్టల బకెట్టు, రుబ్బురోలు, నీళ్ల బిందె, వంగి ఇల్లు ఊడవడం ఆ మూడు నెలలూ ఇంట్లో ఇంకొకరు చేయాలి. ఈ మాట డిశ్చార్జి రోజున భర్తనూ అత్తగారినీ ఇద్దరినీ నిలబెట్టి చెప్పేదాన్ని.

కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే వారం పది రోజులకు వెళ్లొచ్చు, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. బరువు మోసి బతికేవాళ్ల సంగతి వేరు. 2018లో వచ్చిన అంతర్జాతీయ హెర్నియా మార్గదర్శకాలు నొప్పి లేనంతవరకు మామూలు పనులు త్వరగానే మొదలుపెట్టమంటాయి. అది నిజమే, కానీ నొప్పొస్తే ఆగగలిగే మనిషికి. మిర్చి యార్డులో ముఠా కూలీకి ఆ వీలు ఉండదు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఒక్కొక్కటి నలభై కిలోల పైమాట. కూలి బస్తా లెక్కన ముఠా మొత్తానికి వస్తుంది, ఒకడు ఆగితే వెనకవాళ్లంతా ఆగాలి. పైగా మిర్చి ఘాటుకి దగ్గు, తుమ్ములు. బరువు నెత్తిన ఉండగా తుమ్మితే పొట్ట మీద ఎంత బలం పడుతుందో ఊహించండి. అందుకే ఈ పని చేసేవాళ్లకు మూడు నెలలు ఆగమనే నేను చెబుతాను, మా సర్జన్లూ అదే చెప్పేవాళ్లు.

మూడు నెలలు కూలి లేకపోతే ఇల్లు ఎలా గడుస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. గడ్డ చిన్నదై, నొప్పి లేకుండా లోపలికి పోతూ ఉంటే, సర్జన్ ఒప్పుకుంటే ఆపరేషన్‌ను సీజన్ అయ్యాక, యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చేటప్పుడు పెట్టుకోండి. గడ్డ లోపలికి పోకుండా గట్టిపడి నొప్పి చేస్తే సీజన్ చూడకూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ముఠా మేస్త్రీతో ఆపరేషన్‌కు ముందే మాట్లాడండి. కాటా దగ్గర లెక్క రాయడం, గోతాలు కుట్టడం, కాపలా లాంటి పని ఆరు వారాల తర్వాత చేసుకోవచ్చు. బరువెత్తకూడదని సర్జన్ చేత తెలుగులో రాయించుకుని, ఎంతకాలమో తేదీతో సహా ఆ కాగితం మేస్త్రీకి చూపించండి, నోటి మాటకంటే అది బాగా పనిచేస్తుంది. తిరిగి మోత మొదలుపెట్టేటప్పుడు కొన్నాళ్లు ఇద్దరు కలిసి ఎత్తండి. మోకాళ్లు మడిచి, బస్తాను ఒంటికి దగ్గరగా పట్టి, ఊపిరి వదులుతూ లేవండి. ముక్కుకీ నోటికీ తడి గుడ్డ కట్టుకోండి. సాయంత్రం స్నానం చేసేటప్పుడు రెండు వైపులా గజ్జలు చేత్తో చూసుకోండి. ఒకవైపు వచ్చినవాళ్లకు రెండోవైపు కూడా రావచ్చు, కొత్తగా ఉబ్బు తగిలితే మర్నాడు పనికి వెళ్లకుండా సర్జన్ దగ్గరికి వెళ్లండి.